చట్రం పడిన చోటే

అరబ్బు దేశంలో, జింజ్ పేటలోని ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఎప్పుడూ రెండు కాగితాలు అంటించి ఉండేవి. ఒకటి ఆ వారం వంటల జాబితా. రెండోది ఆ నెలలో సముద్రానికి ఏ వేళ పోటో, ఏ వేళ పాటో అచ్చువేసిన పట్టిక. నరసాయమ్మకు చదువు రాదు. వంటల జాబితాతో ఆమెకు పనిలేదు, ఏం వండాలో హుదా మేడం నోటితోనే చెప్పేది. రెండో కాగితం మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టిన తేదీలను మాత్రం రోజుకు రెండుసార్లయినా చూసుకునేది. ఎర్ర గుండ్రం పడిన రోజు పొద్దున నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయి. ఆ రోజు ఇల్లు తుడవడం, బట్టలు ఇస్త్రీ చెయ్యడం ఉండదు. ఆ రోజు ఆమె మేడంతో కలిసి ఒడ్డుకు వెళుతుంది.

హుదా మేడం కాలేజీలో పాఠాలు చెప్పేది. ఏ జీవి ఎక్కడ బతుకుతుంది, అక్కడే ఎందుకు బతుకుతుంది అన్నది ఆమె చదువు. మామీర్ అనే ఊరు దాటాక, ఫ్యాక్టరీల పొగగొట్టాలకు అవతల, నీళ్ళు తీసినప్పుడు చాలా దూరం వరకు బురద బయటపడే తీరం ఒకటుంది. ఆ బురదలో గుల్లలెన్ని, నత్తలెన్ని, పీత బొరియలెన్ని అని ఆమె లెక్క రాసుకునేది. ఆమె దగ్గర చదివే ఆడపిల్లలు ఒక్కసారి వచ్చారు. మోకాలిదాకా దిగబడే బురద చూసి, నల్ల అబాయాల అంచులు ఎత్తిపట్టుకుని మళ్ళీ బస్సెక్కేశారు. రెండోసారికి మేడం వంటమనిషిని వెంట తీసుకెళ్ళింది.

ఆ వంటమనిషి పుట్టింది కోరంగి పాయల పక్కన. తల్లి గుల్లలు ఏరింది, తనూ ఏరింది. మొగుడు లోవరాజు ఆ గుల్లలను బట్టీలో కాల్చి సున్నం చేశాడు. జనం గోడలకు రంగుల డబ్బాలు కొనుక్కోవడం మొదలెట్టాక బట్టీ చల్లారింది, ఆమె విమానం ఎక్కింది. వచ్చిన నాటి నుంచీ అత్తరు వాసన, ఫినాయిలు వాసన తప్ప మరొకటి ఎరగని ముక్కుకు ఆ బురద వాసన తగలగానే ఆమె కాళ్ళు వాటంతట అవే చెప్పులు విడిచాయి. బురద మీద తాళంచెవి దూరే కన్నంలాంటి సన్న చీలిక కనిపించింది. రెండు వేళ్ళు దోపి, బతికున్న గుల్లను పైకి లాగి మేడం అరచేతిలో పెట్టింది.

మేడం పగలబడి నవ్వి, “షాత్రా!” అంది.

ఆ మాటకు అర్థం కారు డ్రైవరు బుల్లబ్బాయి చెప్పాడు. అతనిది అమలాపురం దగ్గర. “తెలివిగలదానా అని, అక్కాయ్. నన్ను పదేళ్ళనించీ ఒక్కసారి అన్లేదు. నాకు యల్లా యల్లా, పద పద, దాంతోనే సరిపోతంది.”

అది తొంభై నాలుగులో సంగతి. ఆ తర్వాత రెండేళ్ళూ ఆ పని నరసాయమ్మదే అయింది.

పని తీరు ఇది. ఒడ్డు నుంచి నీళ్ళ దాకా నీలం తాడు ఒకటి పరుస్తారు. తాడుకు పది అడుగులకొక ముడి. ప్రతి ముడి దగ్గరా మేడం ఒక చీటీ తీస్తుంది. ఆ చీటీలో కుడికి ఇన్ని అడుగులో ఎడమకి ఇన్ని అడుగులో ఉంటుంది. చదువు రాని నరసాయమ్మ కోసం అంకెలకు బదులు గీతలు గీసేది. అన్ని అడుగులు వేసి, ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన నలుచదరపు చట్రం అక్కడ పెట్టాలి. చట్రం లోపలి బురద జానెడు లోతు తవ్వి, జల్లెడలో వేసి కడిగి, దొరికిన ప్రాణులను లెక్కపెట్టి, పలక మీద అన్ని గీతలు గీసి, మళ్ళీ అక్కడే వదిలెయ్యాలి.

మొదట్లో ఇది నరసాయమ్మకు తిక్కగా అనిపించింది. “గుల్లలున్న చోట ఎతకాల గానీ కాయితం చెప్పిన చోట ఎతుకుతారేటి?” అని బుల్లబ్బాయి దగ్గర వాపోయింది.

“లాటరీ అనుకో అక్కా. మనం టికెట్టు కొంటాం, తగిలేది ఎక్కడో తగుల్తది.”

కానీ మేడం ఆ ఒక్క విషయంలో గట్టి మనిషి. చట్రం బోసి బురదలో పడితే నరసాయమ్మ పక్కకి చూపించేది. మేడం తల అడ్డంగా ఊపి, “ఇక్కడే. పక్కన కాదు,” అని చూపుడువేలితో చట్రాన్ని తట్టేది. ఏమీ దొరక్కపోతే ఏమీ దొరకలేదని రాసుకునేది. నరసాయమ్మకు మాత్రం ఉత్త జల్లెడ పైకెత్తి చూపించాలంటే సిగ్గేసేది. వాళ్ళ ఊళ్ళో ఉత్త గంపతో పాయలోంచి లేచిన ఆడదాన్ని ఒడ్డున ఉన్నవాళ్ళు ఎగతాళి చెయ్యకుండా ఊరుకోరు.

*

తొంభై ఆరు జనవరిలో మేడం చెల్లెలు మొగుడితో లండన్ వెళ్ళిపోతూ, తన ఇంట్లో పనిచేసే సాయికుమారిని ఈ ఇంటికి పంపింది. రాజోలు పిల్ల, పాతికేళ్ళు, పదో తరగతి పాసయింది. నాలుగేళ్ళలో అరబ్బీ గలగలా మాట్లాడటం నేర్చింది. డాబా మీద నరసాయమ్మ గదిలోనే రెండో ఇనపమంచం వేశారు.

“పిన్నీ, మీరు కిటికీ పక్కన పడుకోండి. గాలొస్తది,” అంది మొదటి రోజే.

“నీకు నేను పిన్నినెలాగయ్యానే?”

“పోనీ అమ్మమ్మా అననా?”

“పిన్నే అను.”

సాయికుమారిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నరసాయమ్మకు అదే కష్టమైంది. పిల్ల పొద్దున్నే లేచేది, పెద్ద గిన్నెలు తనే తోమేది, బుల్లబ్బాయి హాస్యాలకు నవ్వి ఊరుకునేది. అంతకు ముందు లోవరాజు రాసే ఉత్తరాలు బుల్లబ్బాయి చదివేవాడు, సగం మింగేసి. ఇప్పుడు సాయికుమారి చదవడం మొదలెట్టింది, ఒక్క ముక్క పోకుండా.

“‘నీ ఉత్తరం అందింది. కోరంగి ఆడకూతురు అక్కడ కాలేజీ మేడంగారికి బురద చదువు చెప్తందని టీకొట్టు కాడ చెప్తే ఒక్కడూ నమ్మట్లేదు. భీమరాజైతే మొహం మీదే నవ్వేడు. నువ్వు ఒడ్డు మీద ఆ పని చేస్తన్నప్పటి ఫొటో ఒకటి పంపు. ఆడి మొహాన కొడతాను.’” సాయికుమారి ఉత్తరం మడిచి కిసుక్కున నవ్వింది. “బాబాయికి మీరంటే ఎంత గొప్పో పిన్నీ! ఏంటా బురద చదువు? నన్నూ తీసికెళ్ళరా?”

“నీకేటి తెలుస్తది అక్కడ,” అంది నరసాయమ్మ, ఉత్తరం లాక్కుని.

తీసుకెళ్ళమని సాయికుమారి మళ్ళీ ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఆ వచ్చిన ఎర్ర గుండ్రం రోజున మేడం కారు డిక్కీలో కొత్తగా పసుపు తాడు ఒకటి, రెండో చట్రం, రెండో జల్లెడ ఉన్నాయి. ముగ్గురున్నారు కాబట్టి ఇక నుంచి రెండు తాళ్ళు వేద్దామంది. నీలం తాడు ఎప్పటి చోటే, నరసాయమ్మది. దానికి రెండొందల అడుగుల అవతల పసుపు తాడు, సాయికుమారిది. చీటీలు ముందే చెరో కట్ట ఇచ్చేసి, మధ్యలో మేడం అటూ ఇటూ నడుస్తూ చూసుకుంటుంది.

పసుపు తాడు పరుస్తున్నప్పుడే నరసాయమ్మకు తెలిసిపోయింది. ఆ వైపు సన్నటి కాలవలాంటి పల్లం ఉంది. పాటు తీసినప్పుడు నీళ్ళు అందులోంచి నెమ్మదిగా జారుతూ మెత్తటి ఒండ్రు వదిలి వెళుతున్నాయి. అలాంటి చోట పిల్లగుల్ల పడుతుంది. గింజంత, మినపపప్పంత గుల్లలు, ఏడాది తిరిగితే గంపలు నింపేవి. కోరంగిలో పిల్లగుల్ల ఉన్న చోట ఎవరూ గంప దించరు. దించితే తల్లి కొడుతుంది, ఎవరి తల్లయినా సరే.

ఆ సంగతి తనలోనే ఉంచుకుని నీలం తాడు వైపు నడిచింది.

ఆ రోజు నీలం తాడు మీద తొమ్మిది గుల్లలు వచ్చాయి. ఎప్పుడూ వచ్చేవి అన్నే. పసుపు తాడు మీద నలభై ఒకటి. సాయికుమారి జల్లెడ రెండు చేతులతో ఎత్తుకుని, మోచేతుల దాకా బురదతో, “పిన్నీ, చూడండి, చూడండి!” అని కేకలు పెట్టింది. గీతలు కాదు, అంకెలు వేసి రాసింది పలక మీద. మేడం వంగి పలక చూసి, జల్లెడ చూసి, సాయికుమారి భుజం తట్టి, “షాత్రా!” అంది.

నరసాయమ్మ తన జల్లెడను నీళ్ళలో ముంచి, అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని మళ్ళీ కడిగింది.

తిరిగి వస్తుంటే కారులో బుల్లబ్బాయి అద్దంలోంచి చూశాడు. “ఏటక్కాయ్, మొహం అలాగుంది? కొత్త పిల్ల నిన్ను ఓడించేసిందంట?”

“కొత్త చేతికి ఏదైనా దొరుకుద్ది,” అంది ఆమె.

వెనక సీట్లో సాయికుమారి కాళ్ళ బురద గోళ్ళతో గీక్కుంటూ, “మీ దగ్గర నేర్చుకుంటే గానీ నాకేం తెలీదు పిన్నీ,” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని నరసాయమ్మ ఇంటికి చేరే వరకూ వెతికింది. లేదు. ఉంటే కాస్త హాయిగా ఉండేది.

ఆ వారమంతా ఆమె చేతి వంట ఉప్పెక్కింది. “పప్పులో సముద్రం పోశావా అక్కా?” అని బుల్లబ్బాయి అడిగితే పళ్ళెం లాగేసింది. సాయికుమారి ఒక్కటే మారుమాట్లాడకుండా తిని, మంచినీళ్ళు రెండు చెంబులు తాగింది.

*

తర్వాతి పాటుకు మూడో ముడి దగ్గర చీటీలో ఎడమకి ఆరు గీతలున్నాయి. నరసాయమ్మ ఆరడుగులు వేసి చట్రం పెట్టింది. లోపల బోసి బురద. చట్రానికి జానెడు అవతల, వరసగా నాలుగు చీలికలు.

మేడం పసుపు తాడు దగ్గర వంగి ఉంది. ఇటు వీపు.

నరసాయమ్మ కాలి బొటనవేలితో చట్రాన్ని నెట్టింది. జానెడే. ఇంత పెద్ద తీరంలో జానెడు బురద ఎవరికి తక్కువ? నాలుగు గుల్లలూ జల్లెడలో గలగలమన్నాయి. ఏడో ముడి దగ్గర మళ్ళీ నెట్టింది. ఆ రోజు నీలం తాడు మీద పదిహేడు.

మేడం కనుబొమలు ఎగరేసింది. “బాగుంది,” అంది.

బాగుంది అంటే చాలలేదు. పై పాటుకు ఇరవై ఎనిమిది. ఆ పైన ముప్ఫై అయిదు. జానెడు కాస్తా బారెడయింది. ఎక్కడ చట్రం పడినా ఆమె కళ్ళు చుట్టూ తిరిగేవి, ఎటు నెట్టాలో వేలికి ముందే తెలిసిపోయేది. చిన్నప్పటి నుంచీ చేసిన పనే కదా అని సర్దిచెప్పుకుంది. తను ఏమీ దొంగిలించడం లేదు, బయటి గుల్లలు తెచ్చి కలపడం లేదు. ఉన్న గుల్లలనే చూపిస్తోంది. చూపించే కన్ను తనకుంది, ఆ పిల్లకు లేదు. అంతే తేడా.

రంజాను వెళ్ళి చాలా రోజులయి, ఎండలు ముదిరేనాటికి నీలం తాడు లెక్క యాభై దాటింది. పసుపు తాడు నలభై దగ్గరే ఉండిపోయింది. మేడం రాత బల్ల మీద కాగితాలు పెరిగాయి. భోజనాల దగ్గర కూడా మొగుడికి చేతులు తిప్పుతూ ఏదో చెప్పేది. సాయికుమారి వడ్డిస్తూ విని వచ్చి వంటింట్లో చెప్పింది. “నీళ్ళ దారి మారిందంట పిన్నీ. అందుకని గుల్లలు ఎక్కడినించో మీ నీలం వైపు వలస వస్తున్నాయంట. అదే పెద్ద సంగతంట. మీవల్లే తెలిసిందని సారుతో చెప్తన్నారు.”

“నావల్లనా?”

“ఆఁ. మీ పేరు చెప్పారు. నరసా అన్నారు.”

నరసాయమ్మ చేతిలోని ఉల్లిపాయను అవసరమైన దానికంటే సన్నగా తరిగింది. ఆ పిల్ల మొహంలోకి చూసింది. కుళ్ళు కోసం వెతికింది. సాయికుమారి నిజంగానే సంతోషపడుతోంది. ఓడిపోయిన వాళ్ళు ఏడవకపోతే గెలిచిన వాళ్ళకు ఏం మిగులుతుంది?

ఆ పై పాటుకు మేడం కెమెరా తెచ్చింది. లోవరాజు అడిగిన సంగతి సాయికుమారే ఆమె చెవిన వేసింది. నీలం తాడు ఎనిమిదో ముడి దగ్గర, చట్రం పక్కన చీర కుచ్చిళ్ళు దోపుకుని, జల్లెడ నడుముకు ఆనించి నిలబడిన నరసాయమ్మను మేడం ఫొటో తీసింది.

*

ఫొటో కడిగించి తెచ్చిన రోజే మేడం భోజనాల బల్ల మీద పెద్ద పటం పరిచింది. అది ఆ తీరం పటం. దాని మీద నీలంగీత ఒకటి, పసుపుగీత ఒకటి. సాయికుమారిని పిలిచి నరసాయమ్మకు చెప్పమంది.

“ఇళ్ళు కట్టడానికి ఒడ్డులో కొంత మేర రాళ్ళూ మట్టీ పోసి పూడ్చేస్తారంట పిన్నీ. ఈ నీలం ముక్కో, ఆ పసుపు ముక్కో, ఏదో ఒకటి మాత్రం వదిలేస్తారంట. ఏది వదలాలో చెప్పమని మేడంగారిని అడిగారంట. ప్రాణులు ఎక్కడ ఎక్కువుంటే అది వదిలెయ్యాలి గదా. ఈ నెలాఖరుకి రాసిస్తారు.” సాయికుమారి నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది. “మీ నీలమే గెలిచింది!”

మేడం ఫొటో ఇచ్చి, “షాత్రా,” అంది. రెండేళ్ళ కిందట ఎలా అందో అలాగే.

నరసాయమ్మ ఫొటో పట్టుకుని డాబా మీదికి వెళ్ళింది. ఆరేసిన దుప్పట్ల నీడలో కూర్చుని చూసుకుంది. బాగా వచ్చింది. తనే, లోవరాజు గుర్తుపట్టేలా. అప్పుడు ఆమె కన్ను కిందికి జారింది. చట్రం వెనక బురద మీద చదునుగా రాసుకుపోయిన గీత. బారెడు పొడుగు. గీత మొదట్లో నాలుగు మూలల అచ్చు, చివర్న చట్రం, చట్రం పక్కనే బొటనవేలి గుంట.

ఇక్కడి వాళ్ళెవరికీ అది కనపడలేదు. చదువుకున్న మేడంకీ కనపడలేదు. లోవరాజుకు కనపడుతుంది. కోరంగిలో టీకొట్టు దగ్గర ఫొటో చేతులు మారితే, బురద చదవడం వచ్చిన ప్రతి మనిషికీ కనపడుతుంది. భీమరాజు ముందు కనిపెడతాడు.

ఫొటో పంపకుండా దాచెయ్యొచ్చు. ఆమె ముందు అలాగే అనుకుని పెట్టె అడుగున, చీర మడతల్లో పెట్టింది. పెట్టె మూత వేశాక ఆమెకు కనపడింది ఫొటో కాదు. పసుపు వైపు పల్లం. అక్కడ ఒండ్రులో మినపపప్పంత గుల్లలు. వాటి మీద లారీలు రాళ్ళు కుమ్మరించడం.

గంప దించితేనే తల్లి కొట్టే చోటు అది.

చెపితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఎర్ర గుండ్రం రోజులు పోతాయి. నీలం తాడు సాయికుమారి చేతికి వెళుతుంది. తను వంటింట్లో ఉంటుంది, ఆ పిల్ల మోచేతుల బురదతో నవ్వుకుంటూ వచ్చి ఇవాళ ఏమేం దొరికాయో చెపుతుంది. రెండు రోజులు ఆ దృశ్యం చూసుకుంటూనే ఆమె వండింది, ఇస్త్రీ చేసింది.

పైగా చెప్పాలన్నా నోరేదీ? ఆమెకు వచ్చిన అరబ్బీ బియ్యం, నూనె, తాడు, జల్లెడ, ఇక్కడ, అక్కడ, ఖలాస్. ఇంత తప్పు చెప్పడానికి ఆ మాటలు చాలవు. బుల్లబ్బాయికి చెపితే సాయంత్రానికి సగం జింజ్‌కి తెలుస్తుంది. చెప్పాలంటే సాయికుమారి నోటితోనే చెప్పించాలి.

మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరూ వంటింట్లో చేపలు బాగుచేస్తున్నారు. నరసాయమ్మ కత్తి కింద పెట్టింది.

“నీలం తాడు లెక్క తప్పే.”

“ఏంటి పిన్నీ?”

“నేను జరిపేను. చట్రం. కాలితో.”

సాయికుమారి చేతిలో చేప అలాగే ఉండిపోయింది. “ఎందుకు?”

“నీకు నలభై ఒకటొచ్చినయ్ గదా,” అంది నరసాయమ్మ. ఇంకేదో చెప్పాలనుకుంది గానీ చెప్పాల్సింది అంతేనని ఆమెకే అర్థమైంది.

సాయికుమారి మొహం ఎర్రబడింది. “నాకొచ్చాయని మీరు… నేనేం చేశాను పిన్నీ మిమ్మల్ని?”

“ఏం చెయ్యలేదు. అదేనే నా బాధ. ఏదైనా చేసుంటే రెండు తిట్టి ఊరుకుందును.” నరసాయమ్మ చేతులు కడుక్కుంది. “లే. మేడం ఇంట్లోనే ఉంది. నువ్వు చెప్పాల.”

*

మేడం పటం ముందు కూర్చుని ఉంది. సాయికుమారి తలుపు దగ్గర నిలబడి మాట్లాడటం మొదలెట్టింది. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడింది. నరసాయమ్మ ఆ పిల్ల పెదవులనే చూస్తోంది. తన పేరు వస్తుందని చూసింది. రాలేదు. తనకు తెలిసిన మాట ఒక్కటి వచ్చింది. హబల్. తాడు. మళ్ళీ అదే మాట. హబల్. సాయికుమారి చేత్తో జారినట్టు చూపించింది.

మేడం ఫరవాలేదన్నట్టు తలూపింది.

“తాడు జారిందని చెప్తన్నావా?” నరసాయమ్మ తెలుగులో అడిగింది.

సాయికుమారి ఆమె వైపు తిరగకుండానే గొణిగింది. “ఊరుకోండి పిన్నీ. తాడు జారి కొన్ని లెక్కలు తప్పాయని చెప్పాను. మళ్ళీ కొలుస్తారు. మీ మీదికి రాదు.”

నరసాయమ్మకు ఒళ్ళు భగ్గుమంది. పలక మీద నలభై ఒకటి పడినప్పుడు కూడా ఇంత మంట పుట్టలేదు. ఈ పిల్ల తనను కాపాడుతోంది. తన పరువు ఈ పిల్ల పెట్టే భిక్ష అవబోతోంది. రేపటి నుంచి పిన్నీ అని పిలిచినప్పుడల్లా అది వినపడుతుంది.

“నువ్వు జరుగు,” అంది.

గోడవారన ఉన్న టీ పళ్ళెం తీసుకుంది. నలుచదరపు పళ్ళెం. బల్ల మీద గిన్నెలో ఉన్న పిస్తాలు గుప్పెడు తీసి తివాచీ మీద ఒక పక్క చల్లింది. ఆ పక్కన, తివాచీ బోసిగా ఉన్న చోట పళ్ళెం పెట్టింది. మేడం వైపు చూసి, “చట్రం,” అంది. పటం మీద నీలం గీత చూపించింది. తర్వాత చెప్పు విడిచి, కాలి బొటనవేలితో పళ్ళెం నెట్టింది. పళ్ళెం జారి పిస్తాల మీదికి వెళ్ళింది. ఆమె వేలితో గుండె మీద తట్టుకుంది.

“నేను. తాడు కాదు. నేను.”

మేడం పళ్ళెం వంకే చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ మీది పట్టిక, సొరుగులో దాచిన పాత నెలల పట్టికలు తెచ్చి బల్ల మీద వరసగా పరిచింది. ఎర్ర గుండ్రాలు. వేలు పెట్టి చూపించమన్నట్టు సైగ చేసింది.

నరసాయమ్మ ఒక్కొక్క గుండ్రం మీదా వేలు పెట్టింది. తొమ్మిది. ఆ తేదీల కోసం ఎన్ని పూటలు ఎదురుచూసిందో వేలికి గుర్తుంది. ఆమె వేలు తీసిన ప్రతిసారీ మేడం తన నోటుపుస్తకంలో ఒక పేజీ వెతికి, మూల నుంచి మూలకు గీత కొట్టింది. తొమ్మిదో పేజీ దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ పేజీ నిండా చిన్న అక్షరాలున్నాయి. బహుశా గుల్లల వలస గురించి కావచ్చు. మేడం కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. తర్వాత అదీ కొట్టేసింది.

సాయికుమారితో ఏదో అంది, పొడిగా.

“నెలాఖరులోగా ఇంకా రెండు పాట్లున్నాయంట,” సాయికుమారి తల వంచుకుని చెప్పింది. “నీలం తాడు మొత్తం మళ్ళీ చెయ్యాలి. ఇకనుంచి రెండు తాళ్ళూ నేనే చూడాలంట. మీరు జల్లెడ దగ్గర ఉండాలంట.”

“వంటింట్లో కాదా?”

సాయికుమారి ఆ మాట మేడంని అడిగింది. మేడం తల తిప్పకుండానే రెండు మాటలంది.

“అంత శుభ్రంగా జల్లెడ కడిగేవాళ్ళు ఆవిడకి దొరకరంట.”

తివాచీ మీది పిస్తాలు ఏరడానికి నరసాయమ్మ కూర్చుంది. సాయికుమారి కూడా వంగబోతే మోచేత్తో పక్కకి తోసింది.

*

తర్వాతి పాటు పడిన గురువారం బుల్లబ్బాయి దారంతా పాటల క్యాసెట్ పెట్టుకుని తనలో తను పాడుకున్నాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. “ఏటీ, కారులో శవాలు గానీ ఎక్కించేనేటి?” అని మామీర్ దగ్గర ఒకసారి అడిగి మళ్ళీ పాటలో పడ్డాడు.

పసుపు తాడు పని ముందుగా అయింది. నలభై నాలుగు. జల్లెడ అడుగున పిల్లగుల్ల ఇసకలా మెరిసింది. అవి మేడం లెక్కలోకి వచ్చేంత పెద్దవి కావు. అయినా నరసాయమ్మ దోసిట్లో కొన్ని తీసుకుని మేడం దగ్గరికి వెళ్ళింది. మేడం ఆమె మొహం చూడలేదు, దోసిలి చూసింది. చాలాసేపు చూసింది. ఒక చిన్న సీసా తీసి వాటిని అందులో పోయించుకుంది. షాత్రా అనలేదు.

తర్వాత నీలం తాడు. సాయికుమారి చీటీ చదివి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, చట్రం పెట్టింది. నరసాయమ్మ తవ్వి, కడిగింది. మొదటి ముడి, ఒకటి. రెండో ముడి, రెండు. మూడో ముడి, నాలుగో ముడి, అయిదో ముడి అయ్యాయి. అంకె చెప్పడం, రాయడం, అంతే.

ఆరో ముడి దగ్గర చట్రం బోసి బురదలో పడింది. అంచుకు బెత్తెడు అవతల ఒక చీలిక. పెద్దది. అరచెయ్యంత గుల్ల ఉంటుంది లోపల. నరసాయమ్మ దాన్ని చూసింది. చూడకుండా ఉండటం ఆమెకు చేతకాదు. తలెత్తేసరికి సాయికుమారి చీలికను కాక ఆమెను చూస్తోంది, పలక మీద పెన్సిలు ఆనించి.

మేడం దూరంగా ఉంది. ఇటు వీపు.

నరసాయమ్మ చట్రం లోపలి బురదను జానెడు లోతు తవ్వింది. జల్లెడలో పోసి, గట్టి ఉండలు వేళ్ళతో చిదిపి, మూడు నీళ్ళు మార్చి కడిగింది. జల్లెడ ఖాళీ. దాన్ని పైకెత్తి ఎండకు పట్టి చూపించింది.

“ఎంత పిన్నీ?”

“కనపడతల్లేదా?”

“మీరు చెప్పాలి. చెప్తేనే రాయాలి.”

“సున్నా,” అంది నరసాయమ్మ. “రాయి.”

సాయికుమారి రాసింది. పలక ఇటు తిప్పి చూపించింది. నరసాయమ్మకు చదవడం వచ్చిన అంకె అదొక్కటే. ఆ పిల్ల దాన్ని ఎక్కడా వంకర లేకుండా, గాజులా గుండ్రంగా చుట్టింది. దానికైనా వంక దొరుకుతుందేమోనని నరసాయమ్మ కాసేపు చూసి, జల్లెడ చంకన పెట్టుకుని ఏడో ముడి వైపు నడిచింది.